ఇంట్లో కట్టే చిన్న విమానానికి ఇంజిన్ కూలింగ్, కౌలింగ్: మన సీమ ఎండకు తట్టుకునేలా ఎలా చేయాలి

అనంతపురంలో తాడిపత్రి రోడ్డు పక్కనున్న మా షెడ్డుకు వచ్చినవాళ్లు విమానం ముక్కు చూసి ముందు అడిగేది ఒకటే: "ఈ కన్నాల చుట్టూ అతుకులేంది సార్?" ఆ అతుకులు మా తొందరపాటుకు గుర్తు. ఏప్రిల్‌లో మొదటిసారి ఇంజిన్‌ను కాస్త గట్టిగా తిప్పినప్పుడు వెనక ఎడమ సిలిండర్ మిగతా మూడిటికన్నా 40 డిగ్రీలు ఎక్కువ చూపించింది. గాలి చాలడం లేదనుకుని ముందు కన్నాలు రెండిటినీ చుట్టూ కోసి పెద్దవి చేశాం. వేడి ఇసుమంత కూడా తగ్గలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి కరెంటు పోయింది. కౌలింగ్ లోపల, అంటే ఇంజిన్‌ను కప్పే మూత లోపల, టార్చి పెట్టి ఏదో వెతుకుతుంటే వెనక మూల నుంచి వెలుతురు చారలాగా బయటికొచ్చింది. అక్కడ రబ్బరు సీలు వెనక్కి మడతపడి ఉంది. వేలు దూరేంత సందు, మూరెడు పొడవు. లోపలికి వచ్చిన గాలి సిలిండర్ జోలికే పోకుండా అటునుంచి అటే జారిపోతోంది. సీలు సరిచేశాక ఆ సిలిండర్ దారికొచ్చింది. అనవసరంగా కోసిన కన్నాలను మళ్లీ ఫైబర్‌తో పూడ్చుకున్నాం.

మన జిల్లాలో రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బోరు రెండించుల నీళ్లు పోస్తున్నా కాలవ గట్టుకు ఎండ్రకాయ బొక్కలుంటే చివరి మడికి తడి అందదు. అందుకే డ్రిప్పు పెట్టాం. విమానం ఇంజిన్‌కు గాలి కూడా డ్రిప్పు నీళ్లలాగే పోవాలి: వచ్చిన ప్రతి లీటరు గాలీ సిలిండర్ మీది ఫిన్ల (వేడి పోవడానికి చుట్టూ ఉండే పలచటి రెక్కల) సందుల్లోంచి దూరి, వేడి తీసుకుని, బయటికి పోవాలి. ఈ కింద చెప్పేదంతా ఆ ఒక్క పని ఎలా చేయించాలో చెప్పడమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. షెడ్డులో కట్టుకోవడం వేరు, ఎగరడం వేరు. విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా చక్రం నేల వదలకూడదు. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు ఎగిరే పర్మిట్ చేతికొచ్చింది 2019లో. ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. కాబట్టి కాగితాల పని, కౌలింగ్ పని ఒకేసారి మొదలుపెట్టండి. కౌలింగే ముందు అయిపోతుంది.

ముందు మీ ఇంజిన్ ఏ జాతిదో చూసుకోండి

చిన్న విమానాల్లో మామూలుగా కనిపించేవి రెండు రకాలు. కాంటినెంటల్ ఓ-200, లైకమింగ్ ఓ-320, జబీరు లాంటివి పూర్తిగా గాలితో చల్లబడేవి. రోటాక్స్ 912 అయితే హెడ్లకు, అంటే సిలిండర్ల పైమూతలకు, కూలెంట్ (చల్లబరిచే ద్రవం), సిలిండర్లకు గాలి, ఆయిల్‌కు వేరే కూలర్. ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో హెడ్ టెంపరేచర్ హద్దు, ఆయిల్ హద్దు ఎంతో చూసి పెద్ద అక్షరాలతో గోడకు రాసుకోండి. లైకమింగ్ ఓ-320కి హెడ్ హద్దు 260 డిగ్రీల సెల్సియస్, ఓ-200కి సుమారు 274. కానీ అవి "దాటితే పాడవుతుంది" అనే గీతలు, అక్కడ తిరగమని చెప్పే అంకెలు కావు. 200 దాటిన దగ్గర్నుంచి అల్యూమినియం హెడ్ బలం తగ్గుతూ పోతుంది. నేను 200 లోపల ఉంచాలనే లెక్కతోనే కౌలింగ్ కొలతలు తీస్తాను. రోటాక్స్ 912 యూఎల్‌ఎస్‌లో ఆయిల్ 130 దాటకూడదు, గట్టిగా తిప్పే ముందు కనీసం 50కి రావాలి. మన దగ్గర ఆ 50 గురించి టెన్షన్ డిసెంబరు తెల్లవారుజామున తప్ప ఉండదు.

ఎంత ఎండకు తయారవ్వాలి? అమెరికా పాత సర్టిఫికేషన్ రూల్లో "వేడి రోజు" అంటే సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్. మనకు మే నెలలో పొద్దున పదకొండుకే 38 దాటుతుంది. కర్నూలులో, కడపలో 42, 43 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కాబట్టి కిట్‌తో వచ్చిన డ్రాయింగ్‌ను చూసి "వాళ్లకు సరిపోయింది కదా" అనుకోకండి. ఎక్కడో చల్లటి దేశంలో గీసిన కొలత అది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. మీ లెక్క ఆ కార్తెకు వేసుకోండి.

ఇంకోటి, వేడి గాలి పలచనగా ఉంటుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తు. 42 డిగ్రీల రోజున ఇక్కడ ఘనపు మీటరు గాలి సుమారు 1.08 కిలోలు తూగుతుంది. పుస్తకాల్లో లెక్కలన్నీ 1.225 దగ్గర ఉంటాయి. అంటే గాలి వేడిగా ఉండడం ఒక దెబ్బ, అదే కన్నంలోంచి వచ్చే గాలి ఎనిమిదో వంతు తగ్గిపోవడం రెండో దెబ్బ.

కన్నాల లెక్క

ఒక కాగితం తీసుకోండి. 100 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే 75 కిలోవాట్లు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో ఫిన్ల నుంచీ ఆయిల్ నుంచీ గాలి మోసుకుపోవాల్సిన వేడి అందులో దాదాపు సగం ఉంటుంది. నేను 35 కిలోవాట్లు వేసుకుంటాను. కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోజౌల్ పడుతుంది. గాలి 60 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే కిలోకు 60 కిలోజౌళ్లు. 35ను 60తో భాగిస్తే సెకనుకు 0.58 కిలోల గాలి. మన మే నెల గాలి బరువుతో చూస్తే అది సెకనుకు 0.54 ఘనపు మీటర్లు.

ఇప్పుడు స్పీడు. చిన్న విమానం ఎక్కేటప్పుడు 70 నాట్లు, అంటే సెకనుకు 36 మీటర్లు. ఇంజిన్ పూర్తి బలంతో తిరిగేది, స్పీడు తక్కువగా ఉండేది అప్పుడే, అందుకే లెక్క ఎక్కేటప్పటికే వేయాలి. కన్నంలోకి గాలి విమానం స్పీడులో నలభై శాతంతో వస్తుందనుకుంటే 14.4 మీటర్లు. 0.54ను 14.4తో భాగిస్తే 0.0375 చదరపు మీటర్లు, అంటే 375 చదరపు సెంటీమీటర్లు. రెండు కన్నాలకు పంచితే ఒక్కోటి పదిహేనున్నర సెంటీమీటర్ల గుండ్రం. ఇది కాస్త ధారాళమైన లెక్క. చల్లటి దేశాల్లో ఇంతకన్నా చిన్న కన్నాలు సరిపోతాయి. మీ ఇంజిన్ హార్స్‌పవర్, మీ ఎక్కే స్పీడు పెట్టి మళ్లీ వేసుకోండి.

బయటికి పోయే దారి లోపలికి వచ్చేదానికన్నా పెద్దదిగా ఉండాలి. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది, పైగా ఫిన్లలోంచి దూరి బలం పోగొట్టుకుని వస్తుంది. ఒకటిన్నర రెట్ల లోపు పెట్టుకోండి. మన లెక్కలో 1.4 రెట్లు వేస్తే 525 చదరపు సెంటీమీటర్లు, అంటే 44 వెడల్పు, 12 ఎత్తు. ఆ నోట్లోంచే సైలెన్సర్ పైపులు కూడా పోతుంటే వాటి వైశాల్యం కలిపి పెంచాలి. ఇది చాలామంది మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం.

ముందు కన్నం ఎక్కడ, ఏ ఆకారంలో

స్పిన్నర్‌కు, అంటే ప్రొపెల్లర్ మధ్యలోని కోసు టోపీకి, మరీ ఆనించి పెట్టకండి. ప్రొపెల్లర్ మొదలు దగ్గర రెక్క గుండ్రంగా మొద్దుగా ఉంటుంది, అక్కడ గాలిని తోయదు, కెలుకుతుంది అంతే. కన్నం కొంచెం బయటికి జరిగితే మంచి గాలి దొరుకుతుంది. కన్నం అంచు రేకు అంచులా పదునుగా ఉండకూడదు. చెంబు మూతి చూడండి, ఆ విధంగా గుండ్రంగా మళ్లాలి. ముక్కు ఎత్తి ఎక్కేటప్పుడు గాలి ఏటవాలుగా వస్తుంది, పదునైన అంచు దగ్గర అది విడిపోయి సుడి తిరుగుతుంది.

కన్నం వెనక దారి మెల్లగా వెడల్పవ్వాలి. ఒక్కో గోడ ఏడెనిమిది డిగ్రీలకన్నా ఎక్కువ విచ్చుకోకూడదు. అప్పుడే గాలి వేగం తగ్గి ఒత్తిడిగా మారుతుంది. మనకు కావాల్సింది పైన గదిలో ఒత్తిడి, గాలి హోరు కాదు.

కప్పడం వల్ల ఇంజిన్ వేడెక్కుతుందేమో అనే అనుమానం కొత్తవాళ్లందరికీ వస్తుంది. మా షెడ్డుకు వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు కూడా "తెరిచి పెడితే చల్లగా ఉంటుంది కదా సార్" అంటారు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో విమానాలు దిగడం మొదలైన దగ్గర్నుంచి ఈ పిల్లల రాక బాగా పెరిగింది, అది సంతోషమే. వాళ్లకు చెప్పే కథ ఇది: 1928లో అమెరికాలో ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీరు, నాకా అనే సంస్థ పెద్ద గాలి సొరంగంలో, నక్షత్రంలా సిలిండర్లు విచ్చుకున్న ఇంజిన్‌ను పూర్తిగా కప్పి చూశాడు. మొదట కప్పినప్పుడు వేడెక్కింది. లోపల గాలికి దారులు సరిచేస్తూ పోతే చల్లగానూ ఉంది, గాలి అడ్డూ బాగా తగ్గింది. ఆ పనికి 1929లో కాలియర్ ట్రోఫీ వచ్చింది. కప్పు వల్ల చల్లబడలేదు, కప్పు లోపల దారి వల్ల చల్లబడింది.

బాఫిళ్లు: అసలు పని ఇక్కడే

మీకున్న సమయంలో సగం దీనికి ఇవ్వండి. బాఫిల్ అంటే ఇంజిన్ చుట్టూ కట్టే రేకు గోడ. ఆ గోడ వల్ల కౌలింగ్ లోపల పైన ఒక గది, కింద ఒక గది అవుతుంది. పైగదిలో ఒత్తిడి, కిందగదిలో వెలితి. రెండిటి మధ్య గాలికి ఒకే దారి ఉండాలి, అది ఫిన్ల సందు.

రేకు 0.8 మిల్లీమీటర్ల విమాన గ్రేడు అల్యూమినియం తీసుకోండి, 2024 గానీ 6061 గానీ. బజారులో దొరికే మెత్తటి రేకు వంచడానికి సుఖంగా ఉంటుంది, పాతిక గంటలు తిరిగేసరికి ఇంజిన్ అదురుకు మూలల్లో చీలుతుంది. ముందు చెప్పుల డబ్బా అట్టతో నమూనా కోసి, ఇంజిన్ మీద పెట్టి చూసి, తర్వాతే రేకు కోయండి. రెండు వంపులు కలిసే మూలలో ముందే చిన్న గుండ్రటి రంధ్రం వేయాలి, లేకపోతే చీలిక అక్కడినుంచే మొదలవుతుంది. కోసిన అంచులన్నీ ఆకురాయితో రాసి, తర్వాత సన్న ఎమరీతో నున్నగా చేయండి. గోరుతో తడిమితే గీర తగలకూడదు.

పైన గోడ ఎంత ఎత్తు ఉండాలి? ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఊగుతుంది కాబట్టి రేకు అంచు కౌలింగ్‌కు తగలకూడదు. 10 నుంచి 12 మిల్లీమీటర్లు వదలాలి. ఆ సందును కొలవడానికి మూసిన కౌలింగ్ లోపల చెయ్యి పోదు. దానికో ఉపాయం ఉంది. రేకు అంచుకు వరసగా పేపర్ క్లిప్పులు గుచ్చండి, కాస్త పైకి నిలబడేలా. పై కౌలింగ్ మెల్లగా పెట్టి మళ్లీ తీయండి. కౌలింగ్ ఎక్కడెక్కడ ఎంత కిందికి ఉందో అక్కడ క్లిప్పు అంత కిందికి జారి ఉంటుంది. క్లిప్పుల తలలు కలుపుతూ గీత గీసి, దానికి 12 మిల్లీమీటర్ల కింద ఇంకో గీత గీసి, ఆ గీత దగ్గర కోయండి.

ఆ మిగిలిన సందును మూసేది సిలికాన్ రబ్బరు సీలు, రెండున్నర మిల్లీమీటర్ల మందం దాకా ఉండేది. ట్యూబు రబ్బరు వాడకండి, వేడికి అప్పడంలా అవుతుంది. సీలు ముందుకూ లోపలికీ, అంటే ఒత్తిడి ఉన్న వైపుకు వంగి కౌలింగ్‌కు ఆనాలి. అప్పుడు గాలి ఒత్తిడే దాన్ని కౌలింగ్‌కేసి నొక్కుతుంది. వెనక్కి వంగితే అదే గాలి దాన్ని తెరుచుకుని పోతుంది. మా వెనక మూలలో జరిగింది అదే. మాకు రేకుల పని చేసిన భాయ్ ఆ సందు చూసి, "ఇంత సందుకు ఏమైతాది సార్, పెద్ద విమానానికి" అన్నాడు. మూరెడు పొడవు, సెంటీమీటరు వెడల్పు అంటే 45 చదరపు సెంటీమీటర్లు. రెండు కన్నాలూ కలిసి 375 తెచ్చుకుంటుంటే అందులో ఎనిమిదో వంతు దొంగదారిన పోతున్నట్టు. లెక్క చెప్పాక భాయ్ మాట్లాడకుండా రివెట్లు తీయడం మొదలుపెట్టాడు.

సీలు సరిగ్గా ఆనుతోందా? అంచు పొడవునా ముగ్గుపొడి గానీ చాక్‌పొడి గానీ రాసి, కౌలింగ్ మూసి, నాలుగు తట్లు తట్టి, తీసి చూడండి. లోపలివైపు గీత తెగకుండా పడాలి. తెగిన చోటల్లా లీకు. రాత్రిపూట పైగదిలో టార్చి పెట్టి, కిందనుంచి తల దూర్చి చూడడం రెండో పరీక్ష. ఫిన్ల సందుల్లోంచి తప్ప ఇంకెక్కడినుంచీ వెలుతురు రాకూడదు. రేకుల అతుకుల దగ్గర, ఇంజిన్ బాడీకి రేకు ఆనే దగ్గర ఉన్న చిన్న చిన్న సందులకు వేడి తట్టుకునే ఎర్ర సిలికాన్ పూయండి. ఎక్కువమంది విడిచేసే చోటు ముందు కన్నం అంచే. కన్నం నేల, పైకప్పు రెండూ బాఫిల్‌కు కలిసే చోట సీలు ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కాలి, ఇంటి పెంకుల్లాగా.

ఇక సిలిండర్ల కింద. పైనుంచి దూకిన గాలి సిలిండర్ సగం దాకా ఫిన్లను అంటి పెట్టుకుని, తర్వాత జారిపోవాలని చూస్తుంది. దాన్ని కింది సగం చుట్టూ కూడా తిప్పడానికి సిలిండర్ల మధ్య రేకులు ఉంటాయి. ఇంజిన్‌తో వచ్చే ఆ రేకులు "ఇవెందుకో" అని పక్కన పారేసినవాళ్లను చూశాను. అవి బిగుతుగా చుట్టి, అడుగున మాత్రం సన్నటి చీలిక వదిలి ఉండాలి.

ఫిన్ల మధ్య పోతపోసినప్పుడు మిగిలిన అల్యూమినియం పొర కొన్ని హెడ్లలో సందుల్ని మూసేసి ఉంటుంది. సన్నటి తీగ ఒకటి ప్రతి సందులోంచీ దూర్చి చూడండి. దూరకపోతే సన్న ఆకురాయితో, ఓపికగా, ఫిన్ను గీరకుండా తీయాలి. రేణువులు స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పడకుండా ముందు గుడ్డ కుక్కండి.

లైకమింగ్ నాలుగు సిలిండర్లవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అందులో ముందు కుడిది 1, ముందు ఎడమది 2, వెనక కుడిది 3, వెనక ఎడమది 4. మూడో సిలిండర్ వెనకవైపు, రెండో సిలిండర్ ముందువైపు ఫిన్లు చాలా పొట్టిగా ఉంటాయి. అక్కడ రేకు ఫిన్లకు ఆనితే గాలికి దారే ఉండదు. రేకును కొద్దిగా ఎడంగా ఉంచి గాలి కిందికి జారేలా చేయాలి. "సందులన్నీ మూయి" అని ఇంతసేపు చెప్పి ఇక్కడ తెరవమంటున్నాను. ఇక్కడ గాలి ఫిన్ల మీదుగానే పోతుంది, అందుకు. కాంటినెంటల్ ఓ-200లో అంకెలు తలకిందులు: వెనక కుడిది 1, వెనక ఎడమది 2. మీటరు తీగలు బిగించేటప్పుడు ఈ తేడా మరిస్తే తప్పు సిలిండర్‌కు వైద్యం చేస్తారు.

బయటికి పోయే నోరు

కింద, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య మంటను ఆపే గోడ) అడుగున గాలి మలుపు తిరిగి వెనక్కి పోవాలి. ఫైర్‌వాల్ అడుగు అంచు నిటారుగా కోసినట్టు ఉంటే గాలి అక్కడ ముద్దకడుతుంది. అరచేయి వెడల్పు గుండ్రంతో రేకు వంచి ఆ మూలను నున్నగా చేయండి. నోటి ముందు అంచున కిందికి వంగిన చిన్న పెదవి పెడితే వెనక వెలితి పెరిగి గాలిని లాగుతుంది. గాలి అడ్డు కొంచెం పెరుగుతుంది, మన ఎండలకు ఆ బేరం నాకు నష్టమనిపించదు. వీలైతే తెరిచి మూసే తలుపు పెట్టండి, ఎక్కేటప్పుడు తెరవడానికి, పైకి వెళ్లాక మూయడానికి.

ఫైర్‌వాల్ స్టెయిన్‌లెస్ రేకైతే కనీసం 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. తీగలు, పైపులు దూరే ప్రతి రంధ్రాన్నీ మంటకు తట్టుకునే సీలెంట్‌తో మూయాలి. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు; క్యాబిన్‌లో దానికో డిటెక్టర్ బిళ్ల అంటించండి.

ఆయిల్, కూలెంట్, పెట్రోలు

ఆయిల్ కూలర్‌ను వెనక బాఫిల్‌కు బిగిస్తే పైగది ఒత్తిడే దానిలోంచి గాలిని తోస్తుంది. చుట్టూ సందు ఉండకూడదు. బాఫిల్ రేకు ఒక్కటే దాని బరువు మోయలేదు, ఇంకో ఆధారం పెట్టండి. చాలా ఓ-200లకు కూలరే ఉండదు. ఆయిల్ తొట్టి మీద గాలి ఆడితే చాలు.

రోటాక్స్‌వాళ్లు రేడియేటర్‌ను గాలి దారిలో వేలాడదీసి ఊరుకోకండి. దానిముందు మెల్లగా విచ్చుకునే డక్టు, చుట్టూ సీలు, వెనక సొంతదారి కావాలి. డక్టు లేని రేడియేటర్ పక్కనుంచి గాలి తప్పుకుని పోతుంది. మన ఊళ్లో కార్ల రేడియేటర్ షాపులవాళ్లు టంకం, ఒత్తిడి పరీక్ష బాగా చేస్తారు, వాళ్ల దగ్గరే లీకు చూపించుకోవచ్చు.

బంకు పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. రోటాక్స్ 912కు కంపెనీ ఒప్పుకునేది 10 శాతం వరకే. పైగా వేడి కౌలింగ్‌లో ఇలాంటి పెట్రోలు పైపులోనే ఆవిరై పంపును ఆపేయగలదు. పెట్రోలు పైపులకు ఫైర్‌స్లీవ్ (వేడి, మంట తట్టుకునే తొడుగు) తొడిగి, పంపు మీదికి పైగదినుంచి వేలెడు లావు పైపుతో చల్లగాలి పెట్టండి.

ఫైబర్ పని

ఇంజిన్‌ను పాలిథిన్‌తో మూటకట్టి, దాని చుట్టూ ఫోమ్ దిమ్మలు అంటించి, హ్యాక్సా బ్లేడుతో, ఎమరీతో ఆకారం తీయండి. ఏ భాగానికీ 12 మిల్లీమీటర్లకన్నా దగ్గర రాకూడదు. స్పిన్నర్ వెనక 6 నుంచి 10 చాలు. ఫోమ్ థర్మోకోల్ జాతిదైతే పాలిస్టర్ రెసిన్ తగలనివ్వకండి, ఉప్పు నీళ్లలో పడ్డట్టు కరిగిపోతుంది. ఎపాక్సీ దాన్ని ఏమీ చేయదు. మన ఊరి ఫైబర్ పనివాళ్లకు చేయి తిరిగింది పాలిస్టర్‌తోనే కాబట్టి ఈ మాట ముందే చెప్పుకోవాలి.

ఎపాక్సీకి మన ఎండ పెద్ద చిక్కు. పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే సమయం దాదాపు సగమవుతుంది. 25 దగ్గర అరగంట పనిచేయనిచ్చేది 35 దగ్గర పావుగంట, 42 దగ్గర పది నిమిషాల లోపే. చెంబుడు కలిపి పెట్టుకుంటే చెంబే పొగలు కక్కుతుంది. తెల్లవారి నాలుగున్నరకు మొదలుపెట్టి, కప్పుకు 150 గ్రాములకు మించకుండా, వెడల్పాటి పళ్లెంలో పోసుకుని పనిచేయండి. ఎండ ఎక్కేసరికి ముగించి దోసెల బండి దగ్గరికి పోవచ్చు.

మామూలు గదిలో ఆరిన ఎపాక్సీ ఇంజిన్ వేడికి మెత్తబడుతుంది. రెసిన్ డబ్బా మీద చెప్పిన వేడిలో, చెప్పినన్ని గంటలు థర్మోకోల్ పెట్టెలో బల్బులు పెట్టి కాల్చాలి. ఆ సమయంలో కౌలింగ్ ఆకారం వంగకుండా విమానానికే బిగించి ఉంచండి. సైలెన్సర్‌కు 5 సెంటీమీటర్ల లోపు వచ్చే చోట లోపల అల్యూమినియం రేకు ఉన్న వేడి దుప్పటి అంటించండి. పైన తెల్ల రంగే వేయండి. నల్లటి కౌలింగ్ చూడ్డానికి బాగుంటుంది, రోహిణిలో నిలబెట్టిన గంటకే దానిమీద చెయ్యి పెట్టలేం.

కొలవకుండా కోయకండి

ప్రతి సిలిండర్‌కూ వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి పెట్టండి. ప్లగ్గు కింద వాషర్ రకం, రంధ్రంలో పెట్టే రకం ఒకేలా చూపించవు. నాలుగిటికీ ఒకే రకం వాడండి.

ఒత్తిడి కొలవడానికి మేస్త్రీలు గోడ లెవెల్ చూసే పారదర్శకపు పైపు చాలు. యూ ఆకారంలో పలకకు బిగించి, రంగు నీళ్లు పోసి, ఒక కొస పైగదికి, ఒక కొస కిందగదికి కలపండి. లోపలివైపు కొసలకు 6 మిల్లీమీటర్ల రాగి గొట్టం, కొస మూసి, పక్కలకు సన్న రంధ్రాలు వేసినది పెడితే గాలి హోరు లెక్కలోకి రాదు. నేల మీద ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో నీళ్లు ఊగుతాయి, అక్కడికి పాత ఎయిర్‌స్పీడ్ మీటరు మంచిది. పిటో (ఎదురుగాలి ఒత్తిడి తీసుకునే) గొట్టం పైగదికి, స్టాటిక్ (బయటి మామూలు గాలి ఒత్తిడి తీసుకునే) గొట్టం కిందగదికి. అటూ ఇటూ మార్చారో మీటరు పోతుంది. ముల్లు 40 నాట్లు చూపితే 26 మిల్లీమీటర్ల నీళ్ల ఒత్తిడి తేడా, 60 అయితే 60, 80 అయితే 106, 100 అయితే 165.

అనంతపురం మే నెల గాలిలో 70 నాట్లకు దొరికే పూర్తి ఒత్తిడే సుమారు 71 మిల్లీమీటర్లు. పైగదిని విడిగా, విమానం స్టాటిక్‌తో పోల్చి కొలవండి. అందులో ఎనభై శాతం నిలబడితే ముందువైపు బాగున్నట్టు. పైగది తక్కువుంటే లీకు గానీ, ముందు కన్నం ఆకారం గానీ తప్పు. పైగది బాగుండి కిందగది కూడా ఎక్కువుంటే గాలి బయటికి పోలేకపోతోంది, వెనక నోరు పెంచండి. రెండూ బాగుండి ఒక్క సిలిండరే మండుతుంటే దాని చుట్టూ రేకులు చూడండి. నాలుగూ మండుతుంటే కౌలింగ్‌ను తిట్టే ముందు ఇగ్నిషన్ టైమింగ్ ఇంజిన్ ప్లేటు మీద ఉన్నట్టే ఉందా, ఇన్‌టేక్ గొట్టాల దగ్గర గాలి పీల్చి మిశ్రమం పలచనవుతోందా చూడండి. ముందు కన్నం కోయడం వీటన్నిటి తర్వాత.

నేల మీద తిప్పేటప్పుడు ముక్కు గాలికి ఎదురు పెట్టండి. మనకు ఆషాఢంలో పడమటి గాలి రామగిరి గాలిమరల్ని తిప్పినట్టు తిప్పుతుంది, అది ఉచితంగా దొరికే సాయం. కానీ కింద గులకరాళ్లు ఊడ్చి, నీళ్లు చల్లుకోండి. పూర్తి బలంతో తిప్పడం ఒకటి రెండు నిమిషాలకు మించొద్దు. ఆపిన తర్వాత పదిహేను నిమిషాల దాకా లోపల వేడి పైకి ఎక్కుతూనే ఉంటుంది, ఆయిల్ చూసే చిన్న తలుపు తెరిచి పెట్టండి.

డిసెంబరులో 25 డిగ్రీల రోజున హెడ్ 180 చూపించిందని మురిసిపోకండి. బయట ఎన్ని డిగ్రీలు పెరిగితే హెడ్ కూడా అన్ని డిగ్రీలు పెరుగుతుందనే లెక్కతోనే సర్టిఫికేషన్ పరీక్షలు సవరిస్తారు. 42 డిగ్రీల రోజుకు 17 కలపండి, 197. నేను గీసుకున్న 200 గీతకు మూడు డిగ్రీల దూరం. అనుమతి వచ్చి ఎగిరే రోజున కూడా మే మధ్యాహ్నం ముక్కు బాగా ఎత్తి ఎక్కకుండా, స్పీడు కాస్త ఎక్కువ పెట్టి మెల్లగా ఎక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 70 నుంచి 100 నాట్లకు పోతే అది రెట్టింపు. మా ఓ-200కి ఈసారి చైత్రంలో కొలిచిన నాలుగు సిలిండర్ల అంకెలు, ఆ రోజు బయటి వేడితో సహా, షెడ్డు తలుపు లోపలివైపు సుద్దతో రాసి ఉన్నాయి. రోహిణి కార్తె రాగానే పక్కన ఇంకో వరస రాస్తాం.